లింటియన్‌లో కాలం చెల్లిన చెక్‌లను ఎలా తీసేస్తారు?

[తెర మీద: నల్లటి టెర్మినల్, అందులో ఒకే ఒక్క లైన్]

నమస్తే. 'పీ: సైలెంట్-ఆన్-రూల్స్-రిక్వైరింగ్-రూట్'. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూటలు, చేసినవాళ్ళకు ఈ లైన్ బాగా తెలుసు. ఇది చూపించేది లింటియన్. 1998 నుంచి ఉన్న టూల్, పెర్ల్‌లో రాశారు. ప్యాకేజీని విప్పి చూసి, డెబియన్ పాలసీకి ఎక్కడ తేడా వచ్చిందో చెప్తుంది. ముందు 'ఈ' అక్షరం ఉంటే ఎర్రర్, 'డబ్ల్యూ' ఉంటే వార్నింగ్, 'పీ' ఉంటే మరీ చాదస్తంగా పట్టించుకునే సంగతి. ఆ అక్షరం తర్వాత వచ్చే పేరును ట్యాగ్ అంటారు.

ఈ చెక్ దేనికి పెట్టారో చెప్తాను. ప్యాకేజీ అంటే ఒక డెబ్ ఫైల్. అది తయారయ్యేటప్పుడు లోపలి ఫైళ్ళు మామూలుగా రూట్ పేరు మీద, అంటే సిస్టమ్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్ పేరు మీద, ఉండాలి. దానికోసం బిల్డ్‌లో కొంత భాగాన్ని ఫేక్‌రూట్ కింద, అంటే రూట్‌గా ఉన్నట్టు నటించే టూల్ కింద, నడిపేవాళ్ళు. చాలా ప్యాకేజీలకు నిజానికి దాని అవసరమే లేదు. అందుకే 2017 ప్రాంతంలో, ప్యాకేజీ వివరాలు రాసే కంట్రోల్ ఫైల్‌లో ఒక ఫీల్డ్ వచ్చింది.

[తెర మీద: రూల్స్-రిక్వైర్స్-రూట్: నో]

'ఈ బిల్డ్‌కు రూట్ అక్కర్లేదు' అని దీని అర్థం. ఇది రాయనివాళ్ళకు లింటియన్ గుర్తుచేసేది. అప్పటికి అది మంచి సలహానే. 2025లో వచ్చిన డెబియన్ 13లో మాత్రం, ఏమీ రాయకపోతే 'నో' అనే లెక్క. ఇక గుర్తుచేయాల్సింది ఏముంది?

ఒక పోలిక చెప్తాను. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. రాజధానికి వెళ్ళాల్సిన ఫైల్ మీద కర్నూలు అని రాయలేదని 1955లో ఒక గుమాస్తా వెనక్కి పంపితే, అతను చేసింది సరైన పనే. అదే నియమంతో ఈరోజు ఫైల్ ఆపితే, నష్టం ఫైల్ తెచ్చినవాడికి.

ఆ నష్టం నాకు బాగా కనిపిస్తుంది. కర్నూలులో ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు డెబియన్ పని నేర్చుకుంటున్నాడు. పనికిరాని లైన్లు నాలుగు వస్తే, ఐదోది నిజమైన ఎర్రర్ అయినా వాడి కళ్ళు దాన్ని దాటేస్తాయి. కొత్తవాళ్ళకు ఏది పాతదో ఎలా తెలుస్తుంది?

వాడే అడిగినాడు: "అయితే ఆ చెక్ ఉన్న ఫైల్ డిలీట్ చేసి ప్యాచ్ పంపిస్తే సరిపోదా అన్నా?"

"సరిపోదబ్బీ. ఆ ట్యాగ్ పేరు ఇంకా ఎక్కడెక్కడ ఉందో ముందు చూడాల."

[తెర మీద: ఓవర్‌రైడ్ ఫైల్, ట్యాగ్ పేరు దగ్గరగా]

ఇది చూడండి. 'ఈ ట్యాగ్ నా ప్యాకేజీకి వర్తించదు' అని ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్లు ఇలా ఓవర్‌రైడ్ రాసుకుంటారు. ట్యాగ్ తీసేశాక ఈ లైన్ అనాథ అవుతుంది. 'ఈ పేరు నాకు తెలియదు' అని లింటియన్ దాని మీదే మళ్ళీ ఫిర్యాదు చేస్తుంది. తీసేయకుండా పేరు మాత్రమే మారిస్తే, పాత పేరును ట్యాగ్ ఫైల్‌లో 'రీనేమ్డ్-ఫ్రమ్' కింద రాసి ఉంచాలి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: ప్యాకేజీలన్నీ చేరే డెబియన్ ఆర్కైవ్ దగ్గర కొన్ని లింటియన్ ట్యాగ్‌ల జాబితా వేరే ఉంది. ప్యాకేజీకి ఆ ట్యాగ్ తగిలితే అప్‌లోడ్ నేరుగా రిజెక్ట్ అవుతుంది. ఆ జాబితాలో ఉన్న పేరును లింటియన్‌లో తీసేస్తే, ఒక కాపలా చడీచప్పుడు లేకుండా మాయమైనట్టే. కాబట్టి ఆ జాబితా చూసేవాళ్ళకు ముందే చెప్పాలి.

పాత విడుదలల సంగతి కూడా ఉంది. అదే సోర్స్‌ను డెబియన్ 12 మీద బిల్డ్ చేసేవాళ్ళకు ఆ 'నో' లైన్ ఇప్పటికీ పనికొస్తుంది. అందుకే రాయమని గుర్తుచేసే చెక్‌ను తీసేయడం సబబే గానీ, రాసినవాళ్ళను తీసేయమని సతాయించకూడదని నా అభిప్రాయం.

కొన్నిటికి ఇంత ఆలోచన అక్కర్లేదు. డాక్యుమెంట్లు యూఎస్ఆర్-డాక్ నుంచి యూఎస్ఆర్-షేర్-డాక్‌కు మారి ఇరవై ఏళ్ళు దాటింది. పైథాన్ 2కు సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది, డెబియన్ 12లో అది లేనే లేదు. లింటియన్‌లో పైథాన్ 2 కోసమే ఉన్న చెక్ ఇక ఎవరికి?

ప్యాచ్‌లో, అంటే మీరు పంపే కోడ్ మార్పులో, మూడు చోట్ల మార్పు ఉండాలి: ట్యాగ్ వివరణ ఉన్న ఫైల్, దాన్ని పట్టుకునే పెర్ల్ కోడ్, 'టీ' ఫోల్డర్‌లో దాని టెస్టులు. టెస్టులు వదిలేస్తే అవి ఫెయిలై, మీ ప్యాచ్ అక్కడే ఆగుతుంది. కమిట్ మెసేజ్‌లో ఏ విడుదల నుంచి, ఏ మార్పు వల్ల ఈ చెక్ అక్కర్లేకుండా పోయిందో రాయండి.

కోడ్ ముట్టుకునే ముందు, డెబియన్ బగ్ ట్రాకర్‌లో లింటియన్ కింద ఇదే సంగతి ఎవరైనా రాశారేమో వెతకండి. లేకపోతే మీరే రాయండి, మీకు ఆ లైన్ వచ్చిన ప్యాకేజీ పేరుతో సహా.