ట్రిగ్గర్ నొక్కకుండా పిస్టల్ పేలుతుందా?

అందరికీ నమస్కారం అండి. మన తెలుగువాళ్ళ మీటింగ్‌లో తుపాకీల గురించి మాట్లాడటం ఏంటి అని కొంతమంది అడిగారు. ఇక్కడ టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్ళు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకుని తిరగొచ్చు కదా, దాంతో ఒక్క క్లాసుకి కూడా వెళ్ళకుండా కొనేసినవాళ్ళు మనలోనే ఉన్నారు, స్టోర్ నడిపేవాళ్ళు కౌంటర్ కింద పెట్టుకుంటున్నారు, ఇంట్లో బెడ్ పక్కన డ్రాయర్‌లో పెట్టుకుంటున్నారు, అదే ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటారు. వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, "అన్నా, ట్రిగ్గర్ ముట్టుకోకుండా దానంతట అదే పేలుతుందా, కంపెనీ వాళ్ళు పేలదంటున్నారు, యూట్యూబ్‌లో పేలుతుందంటున్నారు, ఏది నమ్మాలి?"

నా జవాబు ముందే చెప్పేస్తా. ఇప్పటి పిస్టల్ మంచి కండిషన్‌లో ఉంటే అలా పేలడం చాలా చాలా అరుదు. కానీ "ఎట్టి పరిస్థితుల్లోనూ పేలదు" అని ఎవరు చెప్పినా ఆ మాట మీద మీ పిల్లల ప్రాణం పెట్టకండి. ఎందుకో చెప్పాలంటే లోపలికి వెళ్ళాలి, కాస్త ఓపిక పట్టండి.

తూటా వెనక భాగం మధ్యలో ప్రైమర్ అని చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది, దాన్ని గట్టిగా పొడిస్తే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది, అంతే, తుపాకీ మొత్తం కథ ఆ పోటే. ఆ పోటు పొడిచేది ఇప్పటి చాలా పిస్టళ్ళలో స్ట్రైకర్, స్ప్రింగ్‌తో వెనక్కి లాగి ఆపి ఉంచిన మొన తేలిన ఉక్కు కడ్డీ. దాన్ని ముందుకి దూకకుండా పట్టుకునేది సియర్ అనే చిన్న ముక్క, దాని అంచు స్ట్రైకర్ కాలికి తగిలి ఉంటుంది, ఆ పట్టు ఎంతో ఉండదండి, గోటి అంచంత. మీరు ట్రిగ్గర్ లాగితే ఆ అంచు కిందకి దిగుతుంది, స్ట్రైకర్ దూకుతుంది. ఇవి కాక స్ట్రైకర్ దారికి అడ్డంగా ఇంకో లాక్ ఉంటుంది, ట్రిగ్గర్ వెనక్కి వస్తేనే అది పక్కకి తప్పుకుంటుంది.

పాత తుపాకుల్లో ఈ అడ్డు లేదు. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ తీసుకోండి, హ్యామర్ (వెనక నుంచి వచ్చి కొట్టే సుత్తి లాంటి ముక్క) మొన నేరుగా ప్రైమర్ మీదే ఆని ఉంటుంది, హ్యామర్ మీద దెబ్బ తగిలితే చాలు పేలుతుంది, అందుకే ఆరు గదులున్నా అయిదే నింపి హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీలో ఒక నావికుడు స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ ఓడ డెక్ మీద పడి పేలడంతో చనిపోయాడు, ఆ తర్వాతే ఆ కంపెనీ వాళ్ళు హ్యామర్‌కి కొత్త రకం అడ్డు పెట్టారు. జపాన్ వాళ్ళ టైప్ 94 పిస్టల్ ఇంకా ఘోరం, సియర్ బార్ పక్కనే బయటికి కనిపిస్తుంది, ట్రిగ్గర్ జోలికి పోకుండా అక్కడ నొక్కితే పేలేది. కోల్ట్ 1911 మోడల్‌కి ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని పొడిచే మొన) లాక్ పెట్టింది 1983లో, సిరీస్ 80 అని. అంటే ఈ రక్షణలన్నీ మనుషులు పోయాక ఒక్కొక్కటిగా వచ్చి చేరినవి. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, తయారీదారు మాట కంటే ఆ మెకానిజం ఎలా పనిచేస్తుందో మీకు తెలియడం ముఖ్యం.

ఇప్పుడు అందరూ అడిగే సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ సంగతి. 2014లో వచ్చింది, 2017 జనవరిలో అమెరికా ఆర్మీ దీన్నే ఎంచుకుంది, ఎం17, ఎం18 అని. అదే ఏడాది ఆగస్టులో కొంతమంది ఈ గన్‌ని ఒక ప్రత్యేకమైన కోణంలో, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) వెనక కొస నేలకి తగిలేలా వదిలితే పేలుతోందని వీడియోలు పెట్టారు. ఇక్కడ ఏం జరిగిందో చూడండి, నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్ళు ముందుకి తూలుతారు కదా, అలాగే గన్ నేలకి కొట్టుకుని ఆగిపోయింది, కానీ ట్రిగ్గర్ ముక్క బరువుగా ఉండటంతో అది ఆగకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ట్రిగ్గర్ వెనక్కి వెళ్ళిందంటే సియర్ దిగుతుంది, అడ్డంగా ఉన్న లాక్ కూడా తప్పుకుంటుంది, ఎందుకంటే ట్రిగ్గర్ కదిలిందంటే ఎవరో వేలు పెట్టి లాగారనే ఆ మెకానిజం లెక్క. లోపల ఏ పార్టూ విరగలేదు, ఏ సేఫ్టీ ఫెయిల్ అవలేదు, అన్నీ డిజైన్ చేసినట్టే పనిచేశాయి, అయినా తూటా బయటికి వచ్చేసింది, ఏ వేలూ లేదు.

మరి టెస్టుల్లో పాస్ అయింది కదా అంటే, అయింది. స్టాండర్డ్ డ్రాప్ టెస్టులో గన్‌ని కొన్ని నిర్ణీత దిశల్లోనే పడేస్తారు, కాలిఫోర్నియా వాళ్ళు మీటరు పైన ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి ఆరు దిశల్లో కాంక్రీట్ మీద పడేయిస్తారు. ఈ మధ్యలో ఉన్న ఏటవాలు కోణం ఆ స్టాండర్డ్ లిస్టులో లేదు, నిజజీవితంలో చేతిలోంచి జారిన గన్ ఆ లిస్టు చూసుకుని పడదు కదండీ. ఆర్మీకి ఇది తన టెస్టుల్లోనే తెలిసి తేలిక ట్రిగ్గర్ పెట్టించుకుంది. కంపెనీ 2017 ఆగస్టులో మామూలు కస్టమర్లకి కూడా ఫ్రీగా అప్‌గ్రేడ్ ఇస్తామంది, కానీ రీకాల్ అనలేదు, "వాలంటరీ అప్‌గ్రేడ్" అంది. ఇక్కడే మన డాలస్ పోలీసులు ఆ ఏడాది ఈ గన్ పక్కన పెట్టేశారు.

అప్‌గ్రేడ్‌తో పడితే పేలే సమస్య తీరింది, కానీ గొడవ ఆగలేదు. హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) ఉండగా పేలిందని పోలీసులు, మామూలు జనం చాలామంది కేసులు వేశారు. కొన్ని కేసులు కోర్టులు కొట్టేశాయి. 2024 జూన్‌లో జార్జియాలో జ్యూరీ 23.5 లక్షల డాలర్లు, అదే ఏడాది నవంబర్‌లో ఫిలడెల్ఫియాలో జ్యూరీ 1 కోటి 10 లక్షల డాలర్లు ఇమ్మని చెప్పాయి. ట్రిగ్గర్ లాగకుండా ఈ గన్ పేలే ప్రసక్తే లేదని కంపెనీ అంటూనే ఉంది. ఇక్కడ డిజైన్ తేడా ఒకటి తెలుసుకోవాలి, గ్లాక్‌లో స్ట్రైకర్‌ని కొంతవరకే వెనక్కి లాగి ఉంచుతారు, మిగతా పని మీ వేలు చేయాలి, దానికితోడు ట్రిగ్గర్ మధ్యలో ఇంకో చిన్న మీట ఉంటుంది. పీ320లో స్ట్రైకర్ దాదాపు పూర్తిగా లాగేసి ఉంటుంది, మామూలు మోడళ్ళలో ఆ ట్రిగ్గర్ మీట ఉండదు, చాలావాటికి బొటనవేలి సేఫ్టీ కూడా ఉండదు. దానివల్ల ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది, కాల్చడం సులువు, కానీ ఎక్కడైనా తేడా వస్తే తప్పించే దారులు తక్కువ. నా దృష్టిలో నడుముకి కట్టుకుని తిరిగే గన్‌కి అది మంచి బేరం కాదు.

అలాగని ప్రతి కేసూ గన్ తప్పే అని ఎగబడకండి. 2025 జూలైలో వయోమింగ్‌లోని ఎఫ్.ఇ.వారెన్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఎం18 పేలి ఒక కుర్రాడు చనిపోయాడు, వెంటనే అక్కడి కమాండ్ ఆ గన్ వాడకం ఆపేసింది, నెట్ నిండా "చూశారా మళ్ళీ దానంతట అదే పేలింది" అని. కొన్నాళ్ళకి తోటి ఎయిర్‌ఫోర్స్ సైనికుణ్ణి అబద్ధపు వాంగ్మూలం, నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడన్న అనుమానం మీద అరెస్టు చేశారు, ఆగస్టులో గన్ వాడకం మళ్ళీ మొదలుపెట్టారు. 

నేను చూసినంతవరకు, విన్నంతవరకు "దానంతట అదే" అన్నవాటిలో ఎక్కువ శాతం ట్రిగ్గర్‌ని ఏదో ఒకటి కదిపినవే. హోల్‌స్టర్‌లోకి తోస్తుంటే చొక్కా అంచు మడతపడి ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డ్‌లోకి పోవడం, జాకెట్ తాడు చివర ఉండే ప్లాస్టిక్ ముక్క ఇరుక్కోవడం, మెత్తబడిపోయిన లెదర్ హోల్‌స్టర్ నోరు లోపలికి వంగి ట్రిగ్గర్‌ని నెట్టడం, హ్యాండ్‌బ్యాగ్‌లో తాళాల గుత్తి, లిప్‌స్టిక్‌తో పాటు గన్ పడేయడం. అక్కలు, చెల్లెళ్ళు ఈ చివరిది దయచేసి గట్టిగా పట్టించుకోండి, బ్యాగ్‌లో పెట్టాల్సి వస్తే ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌తో, వేరే అరలో, ఆ అరలో ఇంకేమీ ఉండకూడదు. గన్ జారిపోతుంటే పట్టుకోవాలని చూడకండి, గాల్లో పట్టుకోబోతే వేలు వెళ్ళి ట్రిగ్గర్ మీదే పడుతుంది, పడనివ్వండి.

పాత పీ320 ఎవరి దగ్గరైనా ఉంటే, ముఖ్యంగా గన్ షోలోనో ఫ్రెండ్ దగ్గరో సెకండ్ హ్యాండ్ కొని ఉంటే, ఈ రాత్రే మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో, ఉన్న తూటా బయటికి తీసి, కళ్ళతో చూసి వేలు పెట్టి కూడా చూసి, పక్కన పెట్టేయండి. రేపు కంపెనీకి సీరియల్ నంబర్ చెప్పి అప్‌గ్రేడ్ అయిందో లేదో కనుక్కోండి, అమ్మినాయన "అయిపోయింది అన్నా" అన్నాడని వదిలేయొద్దు. స్టోర్ కౌంటర్ కింద పెట్టుకునేవాళ్ళు ఛాంబర్ ఖాళీగా పెట్టుకోండి, మ్యాగజైన్‌లో తూటాలు ఉండనివ్వండి, అవసరమైతే స్లైడ్ లాగడానికి ఒక సెకను పడుతుంది, ఛాంబర్‌లో తూటా లేని పిస్టల్ ఏ కోణంలో పడినా ఏ పార్టు అరిగినా పేలదు. ఇంట్లో పిల్లలుంటే లాక్ బాక్స్ కొనండి, వచ్చే వారం కాదు, ఇవాళ ఇంటికెళ్ళే దారిలోనే. ఇక ప్రశ్నలుంటే అడగండి, గన్ పేరు, మోడల్ చెప్పి అడిగితే నాకు సులువు.