కొండ కాదు, వాటర్ ట్యాంక్: తిరుపతి స్టూడియో చర్చ

యాంకర్: అందరికీ నమస్కారం. ఈరోజు విషయం కొంచెం కొత్తది, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి పెద్ద మానసిక జబ్బులున్నోళ్లు పది మంది కూచోని కలిసి పాట రాయడం. డాక్టర్ గారూ, సూటిగా అడుగుతా, పాట రాస్తే మాత్రలు మానేయొచ్చా?

డాక్టర్: లేదండీ. అది ముందే చెప్పేస్తా, లేకపోతే రేపు ఓపీకొచ్చి "టీవీలో మీరే అన్నారు కద సార్" అంటారు (నవ్వు). మాత్రలతో చెవిలో మాటలు, అనుమానాలు చాలామందికి తగ్గుతాయి, కానీ ఆ మూగగా ఉండిపోవడం, ఎవరితో కలవకపోవడం, స్నానానిక్కూడా లేవకపోవడం, అవి మాత్రలకి అంత తేలిగ్గా లొంగవు. 2017లో కాక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచి చూసే సంస్థ, స్కిజోఫ్రీనియాలో మ్యూజిక్ థెరపీ మీద 18 స్టడీలు, 1,215 మందివి కలిపి చూశారు, మామూలు వైద్యంతో పాటు ఇదీ చేస్తే ఆ ముభావం తగ్గినట్టు కనిపించింది, అయితే నాలుగు రోజులు చేసి వదిలేస్తే కాదు, ఎన్ని సెషన్లు అన్నదాన్ని బట్టి.

యాంకర్: మరి మన పక్క భజనలున్నాయి కదా, కొత్తగా రాయడమెందుకు?

మ్యూజిక్ టీచర్: భజన మంచిదే, నేనూ చెక్కభజన ఆడినదాన్నే. కానీ అందులో మాట ముందే ఉంటుంది, మనం అందుకుంటామంతే. ఇక్కడ తెలిసిన బాణీ ఒకటి తీసుకుని, ఖాళీలు పెట్టి బోర్డు మీద రాస్తాం, ఒక్కొక్కరు ఒక మాట ఇస్తారు, ఇక ఆ మాట ఉంచాలా తీసేయాలా అని గొడవ. ఆ గొడవే అసలు పనండీ, ఎందుకంటే ఇంట్లో వీళ్ల మాటని ఎవరూ అవుననరు, కాదనరు, అసలు వినరు. ప్రాస కుదర్లేదని నేనొక మాట మార్చబోతే తిట్టినారు నన్ను!

అక్క: మా తమ్ముడు ఈ పాట రాసే గుంపులో నాలుగు వారాలు గోడకానుకోని కూచున్నాడన్నా. ఐదో వారం అందరూ "పొద్దున్నే లేస్తే కొండ కనబడ్తాది" అని రాస్తా ఉంటే, వీడు "మా ఇంటి కాడ్నించి కొండ కనబడదు, వాటర్ ట్యాంక్ అడ్డం" అన్నాడంట. అందరూ నవ్వినారు, వాడూ నవ్వినాడంట, ఆ ట్యాంకే పల్లవిలోకి ఎక్కింది. ఇంటికొచ్చి చెప్పినాడు, వాడంతట వాడు నాకొక సంగతి చెప్పి ఎన్నేళ్లయిందో.

యాంకర్: అంటే నయమైనట్టేనా?

అక్క: నయమా... మొన్న మళ్లా రెండ్రోజులు అన్నం తిన్లా, మాత్ర ఉమ్మేసినాడు. అదీ ఉంది. పాటకి పోయే శనివారం మాత్రం చెప్పులేసుకోని నాకంటే ముందు గేటు కాడుంటాడు.

డాక్టర్: ఆస్ట్రేలియాలో 99 మందితో 13 వారాలు ఇట్లాంటిదే చేశారు, రాసిన పాటలు స్టూడియోలో రికార్డు కూడా చేయించారు, వాళ్లమీద వాళ్లకి గౌరవం పెరిగింది, బతుకు కొంచెం బాగుందన్నారు. ఈ అక్క చెప్పే గేటు సంగతి అదే లెక్కలోకొస్తుంది.

యాంకర్: అక్కా, ఆ పల్లవి ఒకసారి పాడండి.

అక్క: అది నా పాట కాదు కదన్నా. బయట పాడకూడదని వాళ్లు చేతులెత్తి ఓటేసుకున్నారంట. ట్యాంక్ మాట ఒక్కటి చెప్పుకోమన్నాడు మావాడు, అదీ పేరు చెప్పకుండా.

యాంకర్: సరే, అయితే వద్దులే. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416 స్క్రీన్ మీద ఉంది, చిన్న బ్రేక్ తీసుకుందాం.