పైలట్ తప్పిదం అన్నచోట ఆగిపోకండి

(బరంపురంలో తెలుగువారి సభలో ఐటీఐ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి బస్సుల్లో వచ్చిన పిల్లలకు నా ఆశీస్సులు.

విమానం కూలిన మర్నాడు పత్రికలో ‘పైలట్ తప్పిదం’ అని రెండు ముక్కలు చదివి పేజీ తిప్పేస్తాం. విమానాల పరికరాలు బాగుచేసే పనిలో జీవితం గడిపిన నాకు అక్కడితో ఆగిపోవడం అన్యాయమనిపిస్తుంది. పోయినవాడికి అన్యాయం, రేపు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో విమానం ఎక్కబోయే మీకు అంతకన్నా అన్యాయం.

నేపాల్‌లోని పోఖరా సంగతి చూడండి. 2023 జనవరి 15న కాఠ్మండు నుంచి వచ్చిన యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 ప్రొపెల్లర్ విమానం అక్కడ దిగబోతోంది. కొత్త విమానాశ్రయం తెరిచి రెండు వారాలే అయింది. ఇంజన్లలో ఏ లోపమూ లేదు. విమానం నడుపుతున్న పైలట్ ఫ్లాప్స్ 30కి దించమని అడిగారు. రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలివి. వేగం తగ్గినా విమానాన్ని గాలిలో నిలిపేవి ఇవే. పక్కన కూర్చున్నది ఎంతో అనుభవమున్న శిక్షక పైలట్. ఆయన చెయ్యి ఫ్లాప్స్ లీవరు మీదికి పోవలసింది, దాని పక్కనున్న రెండు కండిషన్ లీవర్ల మీదికి పోయింది. వాటిని వెనక్కి లాగితే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు చూపిస్తూ తిరిగిపోతాయి. దీన్ని ఫెదర్ అంటారు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, విమానాన్ని ముందుకు లాగే బలం మాత్రం ఉండదు.

ఫ్లాప్స్ 30 అని కాక్‌పిట్‌లో జవాబు వినిపించింది. ఫ్లాప్స్ 15 దగ్గరే ఉన్నాయి! ఇంజన్ల నుంచి బలం రావడం లేదని నడుపుతున్న పైలట్ రెండుసార్లు అన్నారు. కారణం తమ మోచేతి దగ్గరే ఉందని ఇద్దరికీ తట్టలేదు. సుమారు నిమిషంలో అంతా అయిపోయింది. 72 మందీ పోయారు, అందులో ఐదుగురు మన దేశంవాళ్లు. చెక్‌లిస్టు సరిగా పాటించలేదనీ, కొత్తచోట దిగడంలో పని ఒత్తిడి పెరిగిందనీ దర్యాప్తులో తేలింది.

ఈ జబ్బు పాతదే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక నేలమీదే చక్రాలు ముడుచుకుని పొట్టమీద పడేవి. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. చక్రాల మీట, ఫ్లాప్స్ మీట పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. ఒకదానికి చిన్న చక్రం, రెండోదానికి రెక్క ఆకారపు పిడి పెట్టించాడు. ఆ ఆకారాలు తర్వాత నిబంధనల్లోకి ఎక్కాయి. అయినా పోఖరా జరిగింది. కాబట్టి చెయ్యి ఒక్కటే చాలదు. ‘30’ అన్న మాట సూచికను చూసిన కంటి నుంచి రావాలి. అడిగిన అంకెనే తిరిగి అప్పజెప్పడం తనిఖీ కాదు.

కన్ను కూడా మోసపోయేలా పరికరం చేస్తే? 1992 జనవరి 20 రాత్రి, ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్ ఇంటర్ ఎయిర్‌బస్ ఏ320 కొండను ఢీకొంది. 96 మందిలో 87 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో ఒకే గుబ్బ, అంకెలు కనబడే ఒకే చిన్న కిటికీ. ఒక పద్ధతిలో ఉంటే అది దిగే కోణాన్ని చూపిస్తుంది, ఇంకో పద్ధతిలో నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో చూపిస్తుంది. 3.3 డిగ్రీలు దిగాలని పైలట్లు అనుకున్నారు. కిటికీలో ఉన్నది 33, అంటే నిమిషానికి 3,300 అడుగులు. మామూలుగా దిగేటప్పుడు అందులో నాలుగో వంతు ఉంటే చాలు. జరిగి ఉండగలవాటిలో దీన్నే దర్యాప్తు ముఖ్యంగా ఎత్తిచూపింది. ఒక చుక్క తేడా! తర్వాత ఆ కిటికీలో నాలుగు అంకెలూ పూర్తిగా కనబడేలా మార్చారు. 87 మంది పోక ముందే ఆ పని చేసి ఉండవలసింది. దానికి రెండేళ్ల ముందు, 1990 ఫిబ్రవరి 14న, మన బెంగళూరులో కూలి 92 మందిని పొట్టనపెట్టుకున్నదీ ఏ320యే. అక్కడా ఒక గుబ్బకు బదులు ఇంకో గుబ్బ తిప్పి ఉంటారనే విచారణలో భావించారు.

మీలో కాక్‌పిట్‌లో కూర్చునేవారు కొద్దిమందే ఉంటారు. రైసుమిల్లు ప్యానెళ్లు బిగించేవారు, సబ్‌స్టేషన్లలో పనిచేసేవారు చాలామంది. ఒకే సైజు బటన్లు వరుసగా పెట్టి, కింద స్టిక్కరు అంటించి చేతులు దులుపుకోకండి. ఊక దుమ్ముకు ఆ స్టిక్కరు చదవరాకుండా పోతుంది. పైగా మన జిల్లాల్లో ఒడియా చదివేవారు, తెలుగు చదివేవారు, ఏదీ చదవలేనివారు ఒకే యంత్రం దగ్గర నిలబడతారు. వాళ్లందరి వేళ్లకూ తెలిసేలా చేయండి.

చపానిస్ పెట్టించినలాంటి పిడులు రెండు చెక్కతో చేయించి ఈ బల్ల మీద పెట్టాను. వరుసగా వచ్చి కళ్లు మూసుకుని పట్టుకోండి, ఏది దేనిదో చెప్పండి. మీ ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.