వారానికి రెండు గంటలు ఇవ్వండి

అందరికీ నమస్కారం.

మన నల్లగొండలో పెట్టే చేతులకు కొదవ లేదు. చెర్వుగట్టు జాతరలో అన్నదానం చేస్తారు, ఎండలు ముదరగానే చలివేంద్రాలు పెడతారు. పుట్టినరోజు వస్తే ప్రత్యేక అవసరాల పిల్లలకు పండ్లు పంచేవాళ్లూ ఉన్నారు. ఆ పిల్లలను కనిపెట్టుకుని ఉండే అమ్మల కోసం వారానికి రెండు గంటల టైము ఇవ్వమని అడగడానికి వచ్చాను.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతులు అదుపులో ఉండని స్థితి) తీవ్రంగా ఉన్న పిల్లాడికి పదేళ్లు వచ్చినా ముద్ద నోట్లో పెట్టాలి, డైపర్ మార్చాలి, ఎత్తుకుని బాత్రూంకి తీసుకుపోవాలి. పిల్లాడి బరువు ఏటా పెరుగుతుంది, అమ్మకు నడుము నొప్పి పెరుగుతుంది. ఆటిజం ఉన్న పాప రాత్రి రెండింటికి లేచిందంటే ఇక ఆ ఇంట్లో అమ్మకూ నిద్ర లేదు. ఫిట్స్ వచ్చే బిడ్డ ఉంటే స్నానానికి పోయినా చెవి బయటే ఉంటుంది. దేవరకొండ తండాల్లో, పాలమూరు పల్లెల్లో అమ్మానాన్నలు వలస పోతే ఈ చాకిరీ అంతా నాయనమ్మ మీద పడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకు సంరక్షకుల భత్యం గురించి కూడా అందులో ఉంది. వైకల్య సర్టిఫికెట్, పింఛను, ఈ పిల్లలకు చదువు, థెరపీ ఇచ్చే భవిత కేంద్రం అన్నీ కావాలి, అందకపోతే గట్టిగా అడగాలి. అయినా సంఘం మీటింగు రోజున, చెల్లెలు పెళ్లి రోజున, తనకే ఒంట్లో బాగాలేక డాక్టర్ దగ్గరికి పోవాల్సిన రోజున బిడ్డ దగ్గర ఎవరు కూర్చుంటారు? ఆ పని పక్కింటివాళ్లే చేయగలరు.

మొదటి రోజే బిడ్డను మీకు వదిలి వెళ్లమని అడగకండి. కొన్ని వారాలు అమ్మ ఉండగానే వెళ్లి పక్కన కూర్చుని నేర్చుకోండి. ఏ శబ్దానికి భయపడతాడు, దాహమైతే ఎలా చెప్తాడు, ఇవన్నీ ఆమెకే తెలుసు. పడుకోబెట్టి తినిపించవద్దు, పొలమారితే ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టాలి. ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పండి, నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఇద్దరు కలిసి వెళ్తే మంచిది, అమ్మకూ ధైర్యంగా ఉంటుంది. ఫొటోలు వద్దు.

తాయత్తు కట్టించమనో, పోయిన జన్మ పాపమనో ఆ ఇంట్లో అనకండి. ఆ మాటలు చుట్టాల దగ్గర ఇప్పటికే చాలా పడింది ఆమె.

అన్నిటికంటే ముఖ్యం, చెప్పిన రోజుకి చెప్పిన టైముకి పోవడం. మీరు వస్తారని ఆమె పనులన్నీ ముందే చేసుకుని చీర మార్చుకుని కూర్చుంటుంది. మీరు రాకపోతే ఆ బాధ ఊరికే పోదు, మళ్లీ ఎవరినీ నమ్మబుద్ధి కాదు. నెలకు ఒక్కసారే కుదిరితే ఒక్కసారే అని చెప్పండి, ఫర్వాలేదు. ఆ రెండు గంటల్లో ఆమె ఏం చేసిందని కూడా అడగవద్దు. బతుకమ్మ ఆడుకోనివ్వండి, తలుపేసుకుని నిద్రపోనివ్వండి.

బయట టేబుల్ మీద రిజిస్టర్ పెట్టాం. పేరు పక్కన మీ వీధి, మీకు కుదిరే రోజు రాయండి. ఒకే వీధివాళ్లను జోడీగా కలుపుతాం. మీ వీధిలో అలాంటి ఇల్లు మీకు తెలిసి ఉంటే, ముందు ఆ అమ్మను అడిగి, ఆమె సరేనన్నాకే రాయండి.