పని చేయబుద్ధి కానప్పుడు బిల్లుల ఫైలు తీయండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కనపెట్టి, ఈ బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని వచ్చారు. అందుకే నేరుగా విషయానికి వస్తాను.

ఇక్కడ టైలర్లున్నారు, ట్యూషన్లు చెప్పేవాళ్లున్నారు, ఇంట్లోంచే డిజైనింగ్, అనువాదం, కోడింగ్ చేసేవాళ్లున్నారు. నేను మీలాంటివాళ్ల లెక్కలు రాస్తాను. వాళ్ల నోట నేను తరచూ వినే మాట, "పని చేయబుద్ధి కావట్లేదక్కా" అని. ఆ వెంటనే బద్ధకం పెరిగిందంటూ తమనే తిట్టుకుంటారు. నేనది ఒప్పుకోను. చేసిన పనికి డబ్బు రాకపోతే, ఎంత ఇష్టమైన పనికైనా చేయి సాగదు.

మారతహళ్లిలో ఒక చెల్లెలు కంపెనీలకు బ్రోషర్లు డిజైన్ చేస్తుంది. లాప్‌టాప్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోందని చెప్పింది. ఇద్దరం కూర్చుని మెయిళ్లు చూశాం. ఒక కంపెనీ నాలుగోసారి మార్పులు అడుగుతోంది. పాత పనికి ఇంకా డబ్బు కట్టనిదీ ఆ కంపెనీయే. ఇంకో పనికి అసలు బిల్లే వెళ్లలేదు. వెళ్లిన బిల్లుల మీదేమో ఎప్పటిలోగా కట్టాలో రాసి లేదు. ఆ సాయంత్రం కొత్త పని ముట్టుకోకుండా బిల్లులన్నీ సరిచేసి పంపించాం. "రెండుసార్లకు మించి మార్పులు అడిగితే అదనపు చార్జీ" అని కొటేషన్‌లో చేర్చాం. డబ్బడగడానికి మొహమాటం, అంతే. ఆ పిల్లకి పనంటే ఇప్పటికీ ప్రాణం.

మొహమాటపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. చిన్న వ్యాపారాల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం మన పక్షాన ఉంది. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైతే, మీరొక్కరే నడుపుకునే పనైనా సరే, కంపెనీ మీకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. గడువు గురించి రాతకోతలేవీ లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పైగా గడువు దాటిన బిల్లును, డబ్బు కట్టేదాకా ఆ కంపెనీ పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోలేదు. మార్చి నెలలో ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి, అకౌంట్స్ వాళ్లు త్వరగా కదులుతారు. ఒక్క జాగ్రత్త: పని ఒప్పుకోకముందే నమోదు చేయించుకోవాలి. ఆ తర్వాత చేయించుకుంటే పాత బిల్లులకు పనికిరాకపోవచ్చు.

డబ్బు సర్దుకున్నా ఒక్కోసారి మనసు లేవదు. మనిషి తనంతట తాను పని చేయాలంటే స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం కావాలని అమెరికా మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ చెప్పారు. స్వేచ్ఛ కోసం ఉద్యోగం మానేశాం, తోటివాళ్లను కూడా ఆఫీసులోనే వదిలేసి వచ్చాం. "ఆ పని ఎంతవరకొచ్చింది?" అని అడిగేవాళ్లే లేరు. మీ వీధిలో సొంత పని చేసుకునే ఇంకొకరిని వెతుక్కోండి. ఒకే పని కానక్కర్లేదు. వారానికోసారి దగ్గర్లోని దర్శిని టిఫిన్ హోటల్లో ఒక కాఫీని ఇద్దరూ బై-టూగా పంచుకుని తాగుతూ, ఈ వారం ఏం పూర్తయింది, ఏ బిల్లు రావాలి అని ఒకరినొకరు అడగండి.

ఉద్యమ్ నమోదు లేనివాళ్లు ఇప్పుడే వెనక బల్ల దగ్గరకు రండి. ఆధార్, పాన్, ఆధార్‌కు లింకైన ఫోన్ ఉంటే చాలు, ఇక్కడే చేసేద్దాం. దానికి ఫీజేమీ లేదు, ఏజెంట్లకు డబ్బివ్వకండి.