పురికొస మీద రెండు వేల ఏళ్లు
(సోషల్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఎంఈవో గారికి, పొద్దున్నే బస్సులు మారి వచ్చిన మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం. నాకిచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను. తక్కువ ఖర్చుతో సోషల్ పాఠం ఎలా చెప్పాలన్నది ఇవాళ్టి అంశం.

ముందు ఒక బాధ చెప్పుకోనివ్వండి. టీఎల్ఎం మేళా, అదే బోధనోపకరణాల ప్రదర్శన, వస్తోందంటే రాత్రుళ్లు కూర్చుని థర్మోకోల్ కోసి, రంగులేసి, గోల్కొండ కోట నిలబెడతాం. మేళా అయిపోయాక ఆ కోట బీరువా పైకెక్కుతుంది, పిల్లలు విరగ్గొడతారని. పిల్లల చెయ్యి తగలనిది బోధనోపకరణం ఎట్లా అవుతుందండీ? విరిగితే పిల్లలే మళ్లీ చేసుకోగలగాలి. నా లెక్కలో చౌక అంటే అదే.

ఇదిగో పురికొస. కిరాణా కొట్లో పొట్లాలు కట్టేదే, 25 మీటర్లు తెచ్చాను. ముందు వరుసలో మేడమ్, ఈ కొస పట్టుకోండి. మాస్టారూ, మీరు రెండో కొస తీసుకుని గుమ్మం వైపు నడవండి. ఇంకా, ఇంకా నడవండి.

ఒక సెంటీమీటరు ఒక ఏడు, మీటరు ఒక శతాబ్దం. మేడమ్ పట్టుకున్న కొస దగ్గర 50 సెంటీమీటర్లు వదిలి 2000 అని గుర్తు పెట్టాలి. వదిలిన ముక్క ఈ శతాబ్దానికి. అక్కణ్నుంచి వెనక్కి కొలుస్తూ పోవాలి. స్వాతంత్ర్యం 53 సెంటీమీటర్ల దగ్గర. 1857 తిరుగుబాటు మీటరు 43 దగ్గర. ఓరుగల్లు పడిపోయిన 1323 అయితే 6 మీటర్ల 77. మీ తరగతి గది పొడవు ఆరు మీటర్లనుకోండి, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు గుమ్మం దాటి వరండాలో ఉంటాడు. పిల్లలు లేచి వెళ్లి చూడాల్సిందే. పోనివ్వండి, పాఠం అక్కడే ఉంది.

ఎక్కడెక్కడ చెడుతుందో చెబుతాను, రాసుకోండి. నైలాన్ తాడు వద్దు, లాగితే సాగుతుంది. ముళ్లు అసలే వద్దు. ఒక్కో ముడి సెంటీమీటరుకు పైనే తింటుంది, ఇరవై ముళ్లకు పావు శతాబ్దం మాయం. ఎర్ర స్కెచ్ పెన్నుతో శతాబ్దాలు మాత్రమే గుర్తు పెట్టి, సంఘటనలకు బట్టల క్లిప్పులు వాడండి, క్లిప్పుకు చీటీ. 30 సెంటీమీటర్ల స్కేలుతో కొలిస్తే ఓరుగల్లు చేరేలోపు ఇరవై రెండు సార్లు ఎత్తి పెట్టాలి, పెట్టిన ప్రతిసారీ కాస్త జరుగుతుంది. దర్జీ టేపు తీసుకోండి, అంగుళాల వైపు తిరగకుండా చూడండి. క్రీస్తు పూర్వానికి వెళ్తే సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒకటి తీసెయ్యాలి. కళింగ యుద్ధం క్రీ.పూ. 261 అనుకుంటే 2000కు 261 కలిపి ఒకటి తీసేస్తే 2260, అంటే 22 మీటర్ల 60. హరప్పా నగరాలకు ఈ తాడు చాలదు, గ్రౌండుకి వెళ్లాలి.

ఇప్పుడు రెండే రెండు క్లిప్పులు పెడతాను, అందరూ ఇటు చూడండి. తళ్లికోట యుద్ధం 1565, అంటే 4 మీటర్ల 35. చార్మినార్ 1591, అంటే 4 మీటర్ల 9. మధ్యలో ఎంతుంది? 26 సెంటీమీటర్లు, జానెడు కంటే కాస్త ఎక్కువ. పుస్తకంలో విజయనగరం ఒక పాఠం, కుతుబ్‌షాహీలు ఇంకో పాఠం. పిల్లలకు అవి రెండు వేరే యుగాలు. కానీ తళ్లికోటలో విజయనగరం మీద కత్తి దూసిన వాళ్లలో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం ఉన్నాడు. చార్మినార్ కట్టించింది ఆయన కొడుకు మహమ్మద్ కులీ. తండ్రీ కొడుకుల కథ! తాడు మీద పక్కపక్కన కనబడితే ఏ పిల్లాడికీ విడిగా చెప్పక్కర్లేదు. అక్బరు పాలన 1556 నుంచి 1605. ఆ క్లిప్పులూ పెట్టండి, ఈ రెండూ వాటి మధ్యకే వస్తాయి. శ్రీకృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు, 20 సెంటీమీటర్లే. ఇన్ని కథలు చెప్పుకునే రాయల కాలం జానెడు! ఆ జానెడు పిల్లలు తమ చేత్తో కొలవాలండీ, మనం కొలిచి చూపిస్తే లాభం లేదు. నలభై మంది ఉంటే ఐదుగురి చొప్పున ఎనిమిది జట్లు చెయ్యండి, జట్టుకు రెండు తేదీలు. దూరం వాళ్లే లెక్క కట్టుకోవాలి.

తాడు దగ్గరే సమయం అయిపోయింది. కాంటూర్ రేఖల సంగతి, అంటే మ్యాపులో ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతల సంగతి, గబగబా చెప్పేస్తాను. ఒక పక్క ఒంగిన బంగాళాదుంప తీసుకుని నిలువునా సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెట్టండి, అదే మన కొండ. పైనుంచి రెండు చీపురుపుల్లలు నిటారుగా దింపి తీసెయ్యండి. ఇప్పుడు సెంటీమీటరు మందంతో అడ్డంగా ముక్కలు కోయండి, కత్తి మీ చేతిలోనే ఉండాలి. కింది ముక్కను గుడ్డతో తుడిచి, కాగితం మీద పెట్టి అంచు గీసి, రెండు కన్నాల్లోంచి చుక్కలు పెట్టించండి. ఆ చుక్కల మీదే పై ముక్క కన్నాలు కూర్చోబెట్టి మళ్లీ గీయించాలి. ఒక్క కన్నమే ఉంటే ముక్క తిరిగిపోతుంది, గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మందాలు తేడా వస్తే కాంటూర్ అంతరమే, అంటే గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడాయే తప్పు. ఒంగిన పక్క వాలు నిటారు, అక్కడ గీతలు దగ్గరగా వస్తాయి. వాలు నిటారుగా ఉంటే గీతలెందుకు దగ్గరపడతాయో అప్పుడు అడగండి, దుంప పట్టుకుని చెబుతారు.

గోడ మీద పాత జిల్లాల మ్యాపు ఉంటే పారెయ్యకండి. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31, 2019లో 33 అయ్యాయి. పాత మ్యాపు మీద ట్రేసింగ్ పేపరు పరిచి కొత్త హద్దులు పిల్లలతోనే గీయించండి.

భోజనాలకు లేవబోయే ముందు, మాస్టారూ, ఆ తాడు ఉండలా చుట్టకండి, చిక్కుపడుతుంది. క్లిప్పులు తీసేసి ఈ అట్టముక్కకు చుట్టండి. అశోకుడి కొస నుంచి మొదలుపెట్టండి, అప్పుడు 2000 గుర్తు పైనుంటుంది, రేపు క్లాసులో అదే ముందు చేతికొస్తుంది.