వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు: మీ స్మార్ట్ బల్బు వెలుగుతుందా?

"నా ఫోను, బల్బు రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి కదండీ, మధ్యలో క్లౌడ్ ఎందుకొస్తుంది?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు చూశానో, చూసిన ప్రతిసారీ మనసు ఆగదు. క్లౌడ్ అంటే ఇంకేం లేదు, ఇంటర్నెట్ అవతల ఎక్కడో ఉండే కంపెనీ సర్వర్లు.

ఒక పని చేయండి. రౌటర్ వెనక ఇంటర్నెట్ వచ్చే వైరు ఒక్కటే పీకండి, పవర్ తీయొద్దు. మొబైల్ డేటా కూడా ఆపేయండి, లేకపోతే ఫోను చడీచప్పుడు లేకుండా దానిమీదికి వెళ్లిపోతుంది. ఇప్పుడు యాప్‌లో బల్బు నొక్కండి. టక్కున వెలిగిందా, అది లోకల్, అంటే మీ మాట ఇల్లు దాటకుండానే బల్బుకి చేరింది. చక్రం తిరిగి తిరిగి 'డివైస్ ఆఫ్‌లైన్' అని వచ్చిందా, ఇన్నాళ్లూ మీ మాట ఎక్కడెక్కడో తిరిగి బల్బుకి చేరుతోందన్నమాట.

పక్క గదిలో తమ్ముడున్నాడు. "ఒరేయ్, లైటు వెయ్యరా" అని కేకేస్తే అయిపోయేదానికి, ఎక్కడో వేరే దేశంలో ఉన్న మామయ్యకి ఫోన్ చేసి "వాడికి కాస్త చెప్పు మామయ్యా" అంటే ఎలా ఉంటుంది? అదే క్లౌడ్. మామయ్య మంచివాడే, సెకనులోపే చెప్పేస్తాడు. కానీ లైను కలవకపోతే? 2021 డిసెంబర్ 7న అమెజాన్ క్లౌడ్ గంటల తరబడి దెబ్బతింటే అలెక్సా, రింగ్ కెమెరాలు, రూంబా క్లీనర్లు మొరాయించాయి. ఇంట్లో కరెంటుంది, వైఫై ఉంది, వస్తువులు బాగానే ఉన్నాయి, మామయ్య ఒక్కడే పలకలేదు. అసలు నంబరే తీసేస్తే? 2022 ఏప్రిల్‌లో స్మార్ట్ స్విచ్‌లు, లైట్లు అమ్మే ఇన్‌స్టియాన్ కంపెనీ ముందు ఒక్క మాటైనా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. యాప్ పోయింది, కానీ ఒకదానితో ఒకటి నేరుగా జతచేసిన స్విచ్‌లు, లైట్లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి, ఎందుకంటే అవి మామయ్యని అడిగే రకం కాదు. పైగా మీ ఇంట్లో రోజూ ఎన్నింటికి లైట్లు ఆరుతున్నాయో మామయ్యకి తెలుస్తుంది, నాకు అసలు నచ్చనిది అదే.

అలాగని మామయ్య వద్దనను. మీరే ఊళ్లో లేనప్పుడు కేక వినపడదు కదా, అప్పుడు ఆయనే దిక్కు. తాళాలు, లైట్లు, మోషన్ సెన్సర్లు మాత్రం లోకల్‌గానే ఉండాలి, ఇందులో నేను రాజీపడను.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. వైఫై కాకుండా జిగ్‌బీ, జెడ్-వేవ్ అనే వైర్‌లెస్ పద్ధతుల్లో నడిచే వస్తువులకి ఇంటర్నెట్ అక్కర్లేదు, కానీ వాటన్నిటినీ కలిపే పెట్టె, అదే హబ్, క్లౌడ్‌ని నమ్ముకున్నదైతే కథ మళ్లీ మొదటికే. 2022 అక్టోబర్‌లో వచ్చిన మ్యాటర్ అనే స్టాండర్డ్, వస్తువులు ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకునేలా తయారైంది, కొత్తగా కొంటుంటే బాక్స్ మీద ఆ గుర్తు చూడండి. పాతవాటికి హోమ్ అసిస్టెంట్ ఉంది, మీ ఇంట్లోని కంప్యూటర్‌లోనే నడిచి వస్తువులన్నిటినీ నడిపించే సాఫ్ట్‌వేర్ అది. దాని వెబ్‌సైట్‌లో ఒక్కో కంపెనీ వస్తువుల్ని దానికి కలిపే 'ఇంటిగ్రేషన్' పేజీల్లో 'లోకల్ పుష్' (వస్తువే ఇంట్లోనే నేరుగా కబురు పంపుతుంది), 'క్లౌడ్ పోలింగ్' (కంపెనీ సర్వర్‌ని మాటిమాటికీ అడగాలి) లాంటి మాట ఒకటి సాధారణంగా రాసి ఉంటుంది, డబ్బులు కట్టేముందే అది చదవండి.